పేడలో ఏముందిరా అని అడిగేవారికి

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. పూర్వ విద్యార్థులు సాధారణంగా క్రమశిక్షణ గురించో, కాలం విలువ గురించో రాస్తారు. అవి చెప్పడానికి నాకన్నా పెద్దలు చాలామంది ఉన్నారు. నేను చదువుతున్నది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. నా ప్రాజెక్టు గాలి తగలని చోట బతికే బాక్టీరియా మీద. కాబట్టి వాటి గురించే రాస్తాను, వాటితోపాటు ఒక వాదన కూడా పెడతాను. ఒప్పుకోనివారు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు.

మా ఇంట్లో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటివాణ్ణి నేను. పండక్కి ఊరెళితే మా బాబాయి అడిగే ప్రశ్న ఒకటే. "ఒరేయ్, ఇంత చదువూ చదివి చివరికి పేడా, మురుగూ కెలుక్కుంటా కూర్చుంటావేంట్రా? అందులోంచి బయటపడాలనే గదరా నిన్ను చదివించింది?" ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. మా తాత తోళ్ళ పని చేసేవాడు. సున్నపు గుంటలు, తంగేడు చెక్క, ఆ వాసన. ఆ వాసన పేరు చెప్పే మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టారు. అందుకే మనవాళ్ళకు తెల్ల చొక్కా అన్నా, కంప్యూటరు అన్నా, ఏసీ గది అన్నా అంత ఆశ. ఆ ఆశను నేను తప్పు పట్టను. కానీ కుళ్ళు, మురుగు, పేడ అన్న మాటలను మనకు చుట్టింది సమాజం. సైన్సుకు వాటి మీద ఏ అసహ్యమూ లేదు. ఇంధన పరిశ్రమలు ఆశగా చూస్తున్న జీవులు దొరికింది అక్కడే. వాటిని గురించి మనం చదవాలి, అందరికన్నా ముందు మనమే చదవాలి అన్నది నా వాదన.

ఇంటర్లో శ్వాసక్రియ పాఠం గుర్తుందా? ఒక గ్లూకోజు అణువును ఆక్సిజన్‌తో పూర్తిగా విచ్ఛిన్నం చేస్తే 38 ఎ.టి.పి.లు వస్తాయని బట్టీ పట్టాం. ఇప్పటి లెక్కల్లో అది 30 దరిదాపులకు తగ్గిందనుకోండి. ఆక్సిజన్ లేకుండా కిణ్వనం జరిగితే వచ్చేవి 2 మాత్రమే. 'ఇది తక్కువ సామర్థ్యం గల పద్ధతి' అని రాస్తే మార్కులు పడతాయి. మరి మిగిలిన శక్తి ఏమైంది? ఈ ప్రశ్న మా క్లాసులో ఎవరూ అడగలేదు. అది ఎక్కడికీ పోలేదు. ఆ జీవి బయటికి వదిలిన పదార్థంలోనే ఉండిపోయింది. చక్కెరను కాలిస్తే వచ్చే వేడి 100 అనుకుంటే, అదే చక్కెర మొత్తం ఆల్కహాలుగా మారాక ఆ ఆల్కహాలును కాలిస్తే సుమారు 97 వస్తుంది. మీథేనుగా మారితే సుమారు 95. అంటే సూక్ష్మజీవి తిన్నది పిసరంత. అది తినలేక వదిలేసిన ఎంగిలే మనకు ఇంధనం. గాలి దొరకని పేదరికంలో బతికే జీవి కాబట్టే మనకు ఇంత మిగులుతోంది. గాలి తగిలే చోట బతికే బాక్టీరియా అయితే మొత్తం తినేసి కార్బన్ డై ఆక్సైడు, నీళ్ళు మన మొహాన కొడుతుంది.

గాలి లేకుండా కూడా జీవం ఉంటుందని 1861లో లూయీ పాశ్చర్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. మన ఊళ్ళలో మాత్రం పాశ్చర్ పేరు తెలియకపోయినా గోబర్ గ్యాస్ అందరికీ తెలుసు. అందులో జరిగేది ఒక రిలే పరుగు లాంటిది. మొదటి జట్టు పేడలోని, అన్నంలోని పెద్ద పెద్ద అణువులను చక్కెరలుగా, ఇతర చిన్న అణువులుగా తుంచుతుంది. రెండో జట్టు వాటిని కొవ్వు ఆమ్లాలుగా, ఆల్కహాళ్ళుగా మారుస్తుంది. మూడో జట్టు వాటిని ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడు దాకా తెస్తుంది. ఎసిటిక్ ఆమ్లమంటే మరేదో కాదు, వెనిగర్‌లో పుల్లగా ఉండేది అదే. నాలుగో జట్టు వీటిని మీథేనుగా మారుస్తుంది. ఈ నాలుగో జట్టు అసలు బాక్టీరియానే కాదు. అవి వేరే వంశమని 1977లో కార్ల్ వోజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తేల్చాడు. వాటిని ఆర్కియా అంటారు. వేల ఏళ్ళుగా మనిషి కాళ్ళ కింద బురదలో బుడగలు వదులుతున్న జీవులు ఎవరో తెలియడానికి అంతకాలం పట్టింది!

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మూడో జట్టు పని చేయాలంటే దాని చుట్టూ హైడ్రోజన్ పేరుకోకూడదు. పేరుకుంటే దాని పని ఆగిపోతుంది. ఆ హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు తీసుకుపోయేది నాలుగో జట్టు. ఇది లేకపోతే అది లేదు. ఆల్కహాలును మీథేనుగా మార్చే ఒక సూక్ష్మజీవికి పూర్వం మీథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కి అని పేరు పెట్టి చాలాకాలం ఒకే జీవి అనుకున్నారు. 1967లో బ్రయంట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు పరీక్షించి చూస్తే అది ఒకటి కాదు, విడదీయరానంతగా కలిసి బతుకుతున్న రెండు జీవులని తేలింది. విడివిడిగా పెడితే ఆల్కహాలు మీద రెండూ సరిగా పెరగలేదు.

పేడ, అన్నం అంటే ఎంతో కొంత తిండి ఉన్న పదార్థాలు. కేవలం గాలి లాంటి వాయువులను, అంటే కార్బన్ మోనాక్సైడునో, కార్బన్ డై ఆక్సైడు, హైడ్రోజన్‌లనో తిని బతికే జీవులు కూడా ఉన్నాయంటే నమ్ముతారా? హాలెండులో వీరింగా అనే శాస్త్రవేత్త 1936లో అలాంటి బాక్టీరియాను మొదటిసారి వేరు చేశాడు. దాని పేరు క్లాస్ట్రీడియం ఎసిటికం. అది హైడ్రోజన్‌ను, కార్బన్ డై ఆక్సైడును కలిపి ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ జీవి ప్రయోగశాలల నుంచి కనుమరుగైపోయింది. పోయిందనే అందరూ అనుకున్నారు. 1980ల మొదట్లో అమెరికాలోని బర్కిలీలో, బార్కర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో దాని ఎండిన స్పోర్లున్న పాత గొట్టం ఒకటి దొరికింది. జర్మనీ శాస్త్రవేత్తలు వాటికి మళ్ళీ తిండి పెడితే లేచి కూర్చుంది! దశాబ్దాల పాటు నిద్రపోయిన జీవి అది. అది కనబడని కాలంలో దాని చుట్టం ఒకటి అమెరికాలో గుర్రపు పేడలో దొరికింది. 1942లో దాన్ని వర్ణించారు. ఈ రసాయన మార్గం గుట్టంతా విప్పింది ఆ గుర్రపు పేడ బాక్టీరియా మీదనే.

ఆ గుట్టు విప్పినవారు హార్లండ్ వుడ్, ఆయన దగ్గర పనిచేసిన లార్స్ యుంగ్‌డాల్. అందుకే దానికి వుడ్-యుంగ్‌డాల్ మార్గం అని పేరు. వివరంగా చెబితే పరీక్ష పేపరులా ఉంటుంది గనుక తేలిక మాటల్లో చెబుతాను. ఆ బాక్టీరియా ఒక కార్బన్ డై ఆక్సైడు అణువును తీసుకుని మెట్టు మెట్టుగా మీథైల్ సమూహంగా మారుస్తుంది. ఇంకో అణువును కార్బన్ మోనాక్సైడుగా మారుస్తుంది. నికెల్, ఇనుము ఉన్న ఒక ఎంజైము ఆ రెండింటినీ అతికిస్తుంది. ఒక కర్బనం, ఒక కర్బనం కలిసి రెండు కర్బనాల ఎసిటైల్ అయింది. ఇక అక్కడి నుంచి ఎసిటిక్ ఆమ్లమైనా, ఇథనాల్ అయినా చేయవచ్చు. విచిత్రమేమిటంటే ఈ పనికి మొదట ఒక ఎ.టి.పి. ఖర్చవుతుంది, చివర్లో ఎసిటిక్ ఆమ్లం తయారయ్యేటప్పుడు ఒకటి తిరిగి వస్తుంది. లాభం సున్న! కణత్వచానికి అటూ ఇటూ అయాన్ల తేడా సృష్టించి, దాని నుంచి వచ్చే కాస్త శక్తితో ఆ జీవి బతుకుతుంది. కూలి డబ్బులు బియ్యానికే సరిపోయే ఇంట్లో అమ్మ ఎక్కడో నాలుగు రూపాయలు దాచి పిల్లల ఫీజు కట్టినట్టు ఉంటుంది నాకు ఆ లెక్క చూస్తే.

ఈ జీవులు ఇక పుస్తకాల్లోనే ఉండిపోలేదు. అమెరికాలోని ఆర్కాన్సాలో కోళ్ళ పెంపకం దగ్గర పోగైన చెత్త నుంచి ఒకటి దొరికింది. దానికి యుంగ్‌డాల్ పేరే పెట్టారు. బెల్జియంలో కుందేలు పెంటికల నుంచి ఇంకొకటి దొరికింది. 1994లో వర్ణించిన దాని పేరు క్లాస్ట్రీడియం ఆటోఇథనోజెనం. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును తిని ఇథనాల్ ఇస్తుంది. 2005లో న్యూజిలాండులో మొదలైన లాంజాటెక్ అనే కంపెనీ దీన్ని ఆధారం చేసుకుంది. 2018లో చైనాలో ఒక ఉక్కు కర్మాగారం పక్కన, కొలిమి నుంచి వచ్చే వాయువును ఈ బాక్టీరియాకు తినిపించి, ఏడాదికి 46,000 టన్నుల ఇథనాల్ తీసే సామర్థ్యంతో వాణిజ్య కర్మాగారం పని మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో అలాంటి ఇథనాల్ నుంచి చేసిన ఇంధనం కొంత కలిపి ఒక విమానం అమెరికాలోని ఓర్లాండో నుంచి లండన్ దాకా ఎగిరింది. మన దేశంలోనూ పానిపట్‌లోని ఇండియన్ ఆయిల్ రిఫైనరీ దగ్గర ఇదే పద్ధతిలో రోజుకు 128 కిలోలీటర్ల సామర్థ్యం గల ఇథనాల్ కర్మాగారం కట్టారు. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ బాక్టీరియా జన్యువులను మార్చి అసిటోన్, ఐసోప్రొపనాల్ కూడా తీయించారు. కుందేలు పెంటికల నుంచి విమానం దాకా! మా బాబాయికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుందేలుదైతే సరే" అన్నాడు.

అసిటోన్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు కార్డైట్ అనే పేలుడు మందు చేయడానికి అసిటోన్ కరువైంది. చైమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త పిండి పదార్థాన్ని అసిటోన్, బ్యుటనాల్‌లుగా మార్చే అవాయు బాక్టీరియాను కనిపెట్టి ఆదుకున్నాడు. మొక్కజొన్న కొరత వచ్చినప్పుడు 1917లో అక్కడి బడిపిల్లల చేత హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు కాయలు ఏరించారు. ఎందుకో పిల్లలకు చెప్పలేదు. యుద్ధం తర్వాత అదే పద్ధతిలో వచ్చిన బ్యుటనాల్ కార్ల రంగులకు పనికొచ్చింది. పెట్రోలియం చౌకయ్యాక ఆ కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అంటే ఈ సైన్సు ఎగరడం, పడటం ఇది మొదటిసారి కాదు.

అందుకే పత్రికల్లో వచ్చే 'అద్భుత బాక్టీరియా' కథనాలను నేను మొత్తంగా నమ్మను. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ నీళ్ళలో చాలా తక్కువగా కరుగుతాయి. బాక్టీరియా నీళ్ళలో ఉంటుంది, తిండి గాల్లో ఉంటుంది. రెండింటినీ కలపడానికే బోలెడు కరెంటు, ఖరీదైన యంత్రాలు కావాలి. ఇథనాల్‌ను నీళ్ళ నుంచి వేరు చేయడానికి మళ్ళీ వేడి కావాలి. లాంజాటెక్ కంపెనీయే 2025లో డబ్బుకు కటకటలాడింది. మన విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. వాటి నుంచి వచ్చే వాయువులోనూ కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. 'అదంతా వృథాగా పోతోంది, ఇథనాల్ చేయొచ్చు' అని సెమినార్లో ఒకరు చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఉక్కు కర్మాగారాలు ఆ వాయువును ఊరికే వదిలేయవు, కాల్చి వేడికీ, కరెంటుకూ వాడుకుంటాయి. దాన్ని తీసుకుంటే ఆ వేడి ఇంకెక్కడి నుంచో తేవాలి. ఈ లెక్క వేయకుండా చప్పట్లు కొట్టకూడదు. ఈ లెక్క వేయగలిగినవాళ్ళలో మన హాస్టలు పిల్లలు ఉండాలి.

ఈ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే మీకు సినిమా చూపించినట్టవుతుంది. మా ప్రయోగశాలలో గాలి లేని గది లాంటి పెద్ద పరికరమేదీ లేదు. ఇంజక్షన్ మందు సీసాల లాంటి గాజు సీసాలు, రబ్బరు బిరడాలు, అల్యూమినియం మూతలు, ఒక నైట్రోజన్ సిలిండరు. అంతే. సీసాలో పోషక ద్రవం పోసి, మరిగించి, నైట్రోజన్ పంపి గాలిని తరిమేస్తాం. అందులో రెసజురిన్ అనే రంగు వేస్తాం. ఆక్సిజన్ ఉన్నంతసేపు గులాబి రంగులో ఉంటుంది, అది పోతే తెల్లనీళ్ళలా అవుతుంది. రాత్రి పదింటికి సీసా తెల్లబడితే ఆ సంతోషం వేరు. పొద్దున్న వచ్చేసరికి బిరడా సరిగా లేక మళ్ళీ గులాబి రంగు తిరిగి ఉంటే ఏడుపొస్తుంది. ఈ గాజు సీసా పద్ధతులకు మూలపురుషుడు హంగేట్ అనే శాస్త్రవేత్త. ఆవు పొట్టలోని జీవులను పెంచడానికి ఆయన 1950 నాటికే గాలి చొరబడని గొట్టాల పద్ధతిని తీర్చిదిద్దాడు. చెప్పొచ్చేదేమిటంటే ఇది కోట్ల రూపాయల యంత్రాలుంటేనే మొదలయ్యే చదువు కాదు. ఓపిక ఉంటే మొదలవుతుంది. ఓపిక మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇప్పుడు చేదు విషయానికి వస్తాను. స్టీలు ట్యాంకులో జరిగితే హరిత ఇంధనం అని మెచ్చుకునే ఈ పనే, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకులోనూ జరుగుతుంది. అక్కడా గాలి ఉండదు, అక్కడా మీథేను పుడుతుంది. దానితోపాటు సల్ఫేటును వాడుకునే ఇంకో రకం బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తుంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన అదే. అది కొద్దిగా ఉంటే వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, ప్రమాదం లేదు అనుకుని మనిషి లోపలికి దిగుతాడు. కొన్ని నిమిషాలే. అతన్ని లాగడానికి దిగినవాడు కూడా తిరిగి రాడు. ఈ వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు? చనిపోయినవాళ్ళ ఊరు, వాడ, ఇంటిపేరు చూస్తే ఎవరో మనకు వేరే చెప్పాలా?

మనుషులను ఈ పనికి పెట్టడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. బెజవాడ విల్సన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే ఇంతవరకు వచ్చింది. హైదరాబాదులో 2017లో జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల ద్వారా దింపింది. మంచి పనే. కానీ నా మనసులో ఒక ప్రశ్న ఉంది. తరతరాలుగా ఈ గుంటలకు అందరికన్నా దగ్గరగా నిలబెట్టింది మనల్ని. ఆ గుంటలో పుట్టే వాయువు పేరు, అది ఎందుకు పుడుతుందో, ఎప్పుడు చంపుతుందో మనకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఆ జ్ఞానం ఒకచోట, ఆ పని ఇంకొకచోట ఉన్నంతకాలం బాక్టీరియా ఒకరికి పేటెంటు అవుతుంది, ఇంకొకరికి పాడె అవుతుంది. బాబాయి అన్నట్టు దాన్నుంచి బయటపడాలి, నిజమే. దాన్ని చూడకుండా మొహం తిప్పుకుంటే మాత్రం బయటపడలేం. మనం తిప్పుకున్నా ఇంకో తమ్ముడు అందులో దిగుతూనే ఉంటాడు.

మా బ్యాచ్‌లో చాలామంది మైక్రోబయాలజీ వదిలేసి గ్రూప్స్ కోచింగుకు వెళ్ళారు. ఇంటి పరిస్థితులు అలాంటివి, నేనెవరినీ తప్పు పట్టను. సైన్సు గ్రూపులో చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మాత్రం ఒక మాట. ఈ సబ్జెక్టు పేరు విని ముక్కు మూసుకోకండి. హైదరాబాదులోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతితో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో ఒక ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల కుళ్ళిన కూరగాయల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా కట్టిన ప్లాంటు అది. 2021లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దాని ప్రస్తావన వచ్చింది. కుళ్ళిన టమాటాల వాసన పట్టని ముక్కుతో ఆ ప్లాంటు ఎవరూ కట్టలేరు.

వార్డెన్ గారికి, సంక్షేమ శాఖ అధికారులకు ఒక విన్నపం. మన హాస్టలు మెస్‌లో రోజూ మిగిలే అన్నం, కూర పెంటకుప్పకు పోతున్నాయి. వంద మంది తలా వంద గ్రాములు వదిలినా 10 కిలోలు. దాని నుంచి సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. అది దాదాపు 450 గ్రాముల వంటగ్యాస్‌తో సమానం. నెలకు దగ్గర దగ్గర ఒక ఇంటి సిలిండరు. గొప్ప లాభమేమీ కాదు, మెస్ ఖర్చులో చిన్న ముక్క. కానీ పిల్లలకు అది రోజూ కళ్ళెదుట ఉండే ప్రయోగశాల. పదో తరగతి పాఠం, ఇంటర్ పాఠం అక్కడే పొయ్యి మీద మండుతుంటుంది.

ఒక్క షరతు. ఆ ప్లాంటు వస్తే రోజూ ఎంగిలి కలిపి పోసే పని మన హాస్టలు ఊడ్చే ఆమె నెత్తిన వేయకూడదు. వేస్తే పాత కథే మళ్ళీ కొత్త గుంటలో మొదలవుతుంది. వంతులు వేసుకుని పిల్లలే చేయాలి. చేతికి తొడుగులు ఇవ్వాలి, తర్వాత సబ్బు ఇవ్వాలి. డిగ్రీ అన్నయ్యలకు కూడా వంతు ఉండాలి, 'మాకు పరీక్షలున్నాయి' అని తప్పించుకోకుండా. ట్యాంకులోకి మాత్రం ఎవరూ, ఏ కారణానికీ తల పెట్టకూడదు.

వంతు పడినవాళ్ళకు ముందుగానే ఒక సూచన. మొదట పేడ నీళ్ళతో నింపి కొన్ని వారాలు ఆగండి, గ్యాస్ మండడం మొదలయ్యాక కొద్దికొద్దిగా అన్నం అలవాటు చేయండి. పండగ రోజున మిగిలిందంతా ఒకేసారి పోశారంటే రెండో జట్టు గబగబా ఆమ్లం చేసేస్తుంది, నాలుగో జట్టు అందుకోలేదు. ట్యాంకు పులిసిపోయి గ్యాస్ ఆగిపోతుంది. వారానికోసారి పి.హెచ్. కాగితం ముంచి చూడండి. 7 దగ్గర ఉంటే బాగున్నట్టు. 6.5 కన్నా తగ్గితే రెండు మూడు రోజులు ఏమీ పోయకుండా పస్తు పెట్టండి, కాస్త సున్నపు నీళ్ళు కలపండి. అప్పటికీ లేవకపోతే నాకు కబురు చేయండి, ఆదివారం వచ్చి చూస్తాను.